బంగళావారి మిరియాల మర

ఈమధ్య విజయవాడలో ఒక పెద్ద హోటల్‌కి భోజనానికి వెళ్ళాం. మా ఆడపడుచు కొడుక్కి ఉద్యోగం వచ్చిన సందర్భంలో విందు. సూపు గిన్నెలు వచ్చాయి. వాటి వెనకాలే మూరెడు పొడవున్న కర్ర మరని చంకలో పెట్టుకుని నల్లకోటు సర్వరు ఒకతను వచ్చాడు. "పెప్పర్, మేడమ్?" అని వంగి, పొగలు కక్కుతున్న నా గిన్నె మీద దాన్ని కరకరా తిప్పడం మొదలుపెట్టాడు.

"ఆవిరి మీద తిప్పకు బాబూ. లోపల మిరియం చెమరుస్తుంది" అన్నాను.

బల్లచుట్టూ చెంచాలు ఆగిపోయాయి. అతను సారీ చెప్పి, నా చంటి పిల్లాణ్ణి తనే నేల మీద పడేసినట్టు మొహం పెట్టి వెళ్ళిపోయాడు. మా ఆడపడుచు నా వైపు తిరిగి "వదినా, మీ ఇంట్లో ఇది ఉందా?" అంది. లేదన్నాను. నిజంగానే లేదు. ఎప్పుడూ కొనలేదు, కొనను కూడా. అయినా మిరియాల మరని ఎలా ఎంచుకోవాలో, తెచ్చుకున్నాక ఎలా చూసుకోవాలో నన్ను నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్పగలను. ఈత రానివాడు ఒడ్డున నిలబడి పాఠం చెప్పినట్టుంటుంది.

ఆ చదువు నాకు చెప్పినావిడ పోయి చాలా ఏళ్ళయింది. పేరు రాయను. పేరు అచ్చులో పడితే "నేనేం చేశానండీ అంత ఘనకార్యం" అని నొచ్చుకునే మనిషి.

ఎనభైల మధ్య మాట. నాకు తెనాలిలో ఆడపిల్లల స్కూల్లో ఉద్యోగం, మావారికి జంపనిలో. అంగలకుదురు వైపు ఒక పెంకుటింట్లో సగం వాటా అద్దెకు తీసుకున్నాం. ఇద్దరికీ దూరమే, కానీ ఇల్లు గాలిగా ఉందని మావారికి నచ్చింది. రెండో సగంలో ఆవిడ ఒక్కత్తే ఉండేది. అప్పటికే అరవై దాటాయి. లూథరన్ క్రైస్తవుల మనిషి. రేపల్లెలో ఒక మిషను బంగళాలో దొరసానమ్మ దగ్గర ముప్ఫై ఏళ్ళు వంట చేసి, బంగళా మూతపడ్డాక తెనాలి వచ్చేసింది. ముందూ వెనకా నా అనేవాళ్ళు ఎవరూ లేరు.

మేము సామాన్లు దింపుకుంటున్న రోజే చారుగిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడింది. రెండో చేతిలో ఒక కర్ర వస్తువు. చదరంగంలో మంత్రి కాస్త ఒళ్ళు చేస్తే ఎలా ఉంటాడో అలా ఉంది. నన్ను అన్నాలు వడ్డించమని, చారు పోసి, ఆ వస్తువుని పళ్ళెం మీదికి తెచ్చి "మూడు తిప్పులు చాలాండి? ఘాటు తింటారా?" అని అడిగింది. ఏమనాలో తెలీక తింటామన్నాను. నాలుగు తిప్పింది. అంతవరకూ నేను తిన్నది మిరియాల పొడి. మిరియం అప్పుడే పగిలితే వచ్చే వాసన నా ముక్కుకి తగలడం అదే మొదలు.

"కూర్చోండి మామ్మగారూ" అన్నాను.

"పర్లేదండి పంతులమ్మగారూ, పనుంది" అని వెళ్ళిపోయింది.

తరవాత తెలిసింది, ఎవరింటికి వెళ్ళినా ఆవిడ కూర్చోదని. చేతిలో ఏదో ఒక పని పెట్టుకుని వస్తుంది, ఆ పని అవగానే వెళ్ళిపోతుంది. మాట్లాడేముందు చేతులు పొడిగా ఉన్నా సరే, కొంగుతో ఒకసారి తుడుచుకుంటుంది.

మర ఆవిడ చేతికి వచ్చిన కథ నేను కనీసం ఇరవైసార్లు విన్నాను. దొరసానమ్మ స్వదేశం వెళ్ళిపోతూ బంగళా సామాన్లు పనివాళ్ళకి పంచిపెట్టింది. డ్రైవరుకి సైకిలు, బట్టలు కుట్టే ఆవిడకి కుట్టుమిషను, తోటమాలికి గోడగడియారం. వంటమనిషి వంతు వచ్చేసరికి బల్లమీద రెండు మిరియాల మరలు మిగిలాయి. ఒకటి పింగాణీది, మీద నీలం పువ్వులు. రెండోది ఉత్త కర్రది. నీకు నచ్చింది తీసుకోమంది దొరసానమ్మ. చుట్టూ ఉన్నవాళ్ళంతా పింగాణీదాని వైపు కళ్ళతో సైగలు. ఈవిడ రెండిటినీ తలకిందులు చేసి, అడుగున పళ్ళు చూసి, కర్రదాన్ని చేతిలోకి తీసుకుంది.

"పువ్వులు తింటామాండీ?" అనేది ఇక్కడికి రాగానే. "ఎద్దుని కొనేటప్పుడు కొమ్ములకి రంగేశారో లేదో చూస్తామా, పళ్ళు చూస్తామా?"

ముప్ఫై ఏళ్ళ చాకిరీకి కర్రముక్క చేతిలో పెట్టి పోయిందే అని రేపల్లెలో ఆవిణ్ణి చూసి జాలిపడనివాళ్ళు లేరట. ఆవిడకి మాత్రం వాళ్ళని చూస్తే జాలి. ఒకసారి ఎవరిదో పెళ్ళికి నన్ను కూడా రేపల్లె తీసుకెళ్ళింది. రైలు దిగి పెళ్ళింటికి చేరేలోపల మూడిళ్ళ దగ్గర ఆగింది. గడియారం ఆగిపోయి ఉంది. సైకిలు చక్రాల్లేకుండా గోడకి జేరబడి ఉంది. కుట్టుమిషను అమ్మేసుకున్నారు. ప్రతి ఇంటి దగ్గరా "అయ్యో, అలాగాండీ" అని ఎంతో విచారంగా పలకరించి, వీధిలోకి రాగానే నా చెవిలో "మనది తిరుగుతోందండి" అనేది. ఆ పెళ్ళిలో పెళ్ళికొడుకు ఎలా ఉన్నాడో ఆవిడ చూసిందని నేననుకోను.

ఆ మరకున్న పథ్యాలు బాలింతకి కూడా ఉండవు. నీళ్ళు తగలకూడదు. తగిలితే కర్ర ఉబ్బుతుంది, పళ్ళు తుప్పు పడతాయి. నిండా పొయ్యకూడదు, ముప్పావు వంతు చాలు, లోపల మిరియాలకి కూడా కదలడానికి చోటు కావాలి. పొయ్యి మీది గిన్నెపైన పట్టుకుని తిప్పకూడదు, ఆవిరి లోపలికి పోయి మొత్తం ముద్ద కడుతుంది. పైనున్న గుబ్బ బిగిస్తే మెత్తన, వదులు చేస్తే బరక. పని అయ్యాక మాత్రం కాస్త వదులు చేసి పెట్టాలి, పన్నూ పన్నూ రాసుకోకుండా. ఉప్పు అందులో పొయ్యడం మహాపాపం, అందులోనూ మన వైపు కళ్ళుప్పుకి ఎప్పుడూ చెమ్మే. నూనె మాట ఎత్తకూడదు. ఏడాదికోసారి గుప్పెడు పొడి బియ్యం పోసి తిప్పితే పాత జిడ్డంతా పిండితో పాటు వచ్చేస్తుంది. ఆపైన విప్పి, పొడిగుడ్డతో తుడిచి, ఒక రాత్రీ ఒక పగలూ నీడన ఆరబెట్టాలి. రోలుకి ఇన్ని లేవు కదా అని నేనొకసారి అన్నాను. "రోలు మొద్దుదండి. ఏం చేసినా ఊరుకుంటుంది. ఇది ఊరుకోదు" అంది.

మిరియాలు కొనడం ఇంకో తతంగం. తెనాలి బజార్లో ఆవిడ కొట్టు మెట్టెక్కగానే వాళ్ళే గ్లాసుతో నీళ్ళు తెచ్చిపెట్టేవాళ్ళు. తాగడానికి కాదు. గుప్పెడు మిరియాలు అందులో వేసి చూసేది. మునిగినవి మిరియాలు. తేలినవి బొప్పాయి గింజలో, లోపల గుల్లవో. తేలినవాటిని వేళ్ళతో తీసి కొట్టాయన చేతిలో పెట్టి "ఇవి మీ దగ్గరే ఉంచుకోండి నాయనా, పెరట్లో చల్లుకుందురు గాని" అనేది. అంత మర్యాదగా తిట్టించుకోవడం ఆయనకి కూడా అలవాటైపోయింది.

మావారికి ఎందుకో ఆవిడ ముందు పరువు నిలుపుకోవాలని పట్టుదల. మద్రాసు వెళ్ళినప్పుడు వెతికి వెతికి ఒక ఇత్తడి మర కొనుక్కొచ్చారు. తళతళలాడుతోంది. చుట్టూ లతలు. ఆవిణ్ణి పిలిచి చేతికిచ్చారు. కళ్ళద్దాలు పెట్టుకుని, గుబ్బ విప్పి, కడ్డీ బయటికి లాగి, పళ్ళమీద బొటనవేలి గోరు ఆనించి అటూ ఇటూ కదిపింది. మావారు పరీక్ష రాసినవాడిలా పక్కన నిలబడ్డారు.

"చాలా అందంగా ఉందండి బాబుగారూ."

"అయితే మంచిదేనన్నమాట."

"గోరు జారిపోతోందండి. పళ్ళకి అంచు లేదు." ఆయన మొహం చూసి కాస్త మెత్తబడి, "ఇది నమలదండి. చప్పరిస్తుంది" అంది.

ఆ ఇత్తడిది ఆ పూటే అటకెక్కింది. వారం రోజులు మా ఇంట్లో మిరియం పేరెత్తడానికి వీల్లేకపోయింది.

అసలు సంగతికి వస్తున్నాను. రావడం ఇష్టం లేకనే ఇంతసేపూ పళ్ళూ కడ్డీలూ అంటూ తిరిగాను.

కోతలయ్యాక వాళ్ళ చర్చిలో కోత పండుగ చేస్తారు. ఎవరికి పండింది, ఎవరికి ఉన్నది వాళ్ళు తెచ్చి దేవుడి ముందు పెడతారు. గుమ్మడికాయలు, అరటిగెలలు, కుంచాలతో మినుములు, కాళ్ళు కట్టేసిన కోడిపుంజులు. ఆరాధన అయ్యాక ఆవరణలో వాటిని వేలం వేస్తారు. పాడుకున్నవాళ్ళు ఇంటికి తీసుకెళ్ళొచ్చు, లేదా అయ్యగారికి ఇచ్చేయొచ్చు. పాస్టరుగారిని వాళ్ళు అయ్యగారంటారు. కానీ ఒకసారి దేవుడి ముందు పెట్టినదాన్ని ఇచ్చినవాళ్ళు వెనక్కి అడగడమనేది లేదు.

ఆ ఏడు నన్ను కూడా చూడ్డానికి రమ్మంది. ముందురోజు సాయంత్రం "నేను పొద్దున్నే చర్చి ఊడ్చి ముగ్గుపిండితో గీతలు వెయ్యడానికి వెళ్ళిపోతానండి. బల్లమీదవి కాస్త బుట్టలో సర్ది తీసుకొస్తారా?" అని తాళంచెవి ఇచ్చింది. అంతకుముందు వారమంతా ఇచ్చేటప్పుడు ఉన్నవాటిలో మంచిదే ఇవ్వాలండీ అని ఆవిడ నాకు చెప్తూనే ఉంది.

పొద్దున తలుపు తీశాను. బల్లమీద ఒక సొరకాయ, సంచిలో మినుములు, గంపలో గుడ్లు. వాటి పక్కన తెల్లటి తువ్వాలు పరిచి, దాని మీద మర. శుభ్రంగా తుడిచి ఉంది. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఏడాదికోసారి బియ్యం పోసి తిప్పి ఆరబెట్టుకోవడం అనేది ఒకటుందని, అది ఆ ముందురోజే జరిగిందని ఆ క్షణంలో నాకు తట్టనేలేదు. ఇరవైసార్లు పాఠం విన్నదాన్ని. తువ్వాల్లో చుట్టి బుట్టలో అన్నిటికన్నా పైన పెట్టుకుని వెళ్ళాను.

అక్కడితో ఆగినా బాగుండేది. చర్చి గుమ్మం దగ్గర కానుకలు అందుకుంటున్న సంఘపెద్ద దాన్ని అటూ ఇటూ తిప్పి "ఏంటమ్మా ఇది?" అన్నాడు. నేను నోరు మూసుకోకుండా "అది మామ్మగారి ప్రాణమండీ. దేవుడికిచ్చేసింది" అన్నాను. ఆయన వెళ్ళి అయ్యగారి చెవిలో వేశాడు. అయ్యగారు మంచి మనిషి, త్వరగా కదిలిపోతారు. ప్రసంగం మధ్యలో ఆగి, మరని చేత్తో పైకెత్తి, "గుమ్మడికాయ ఇచ్చాం, కోడినిచ్చాం. మనలో ఎవరైనా ప్రాణం ఇచ్చామా? ఈ పెద్దావిడ ఇచ్చింది" అన్నారు.

ఆవిడ ఆడవాళ్ళ వైపు ముందు వరసలో ఉంది. అందరూ తిరిగి చూశారు. ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు. ఆవిడ అయ్యగారి చేతిలో ఉన్నదాన్ని చూసింది, తరవాత వెనక్కి తిరిగి నన్ను ఒక్కసారి చూసింది. మళ్ళీ ముందుకి తిరిగి తలొంచుకుంది. ఎంత వినయమో అని నా పక్కనున్నావిడ అంది. నాకప్పుడు అర్థమైంది. అర్థమయ్యేసరికి లేచి చెప్పే ధైర్యం లేదు. రెండు వందలమంది ముందు 'ఇవ్వలేదు, పొరపాటున వచ్చింది' అంటే ఆ తల ఎక్కడ పెట్టుకోవాలి? ఆవిడ సంగతి సరే, నా సంగతి కూడా ఆలోచించుకున్నానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

వేలం పాటలో అది ఏమిటో ఎవరికీ తెలీదు. పాట పాడించే ఆయన "బంగళావారి వస్తువండీ! దొరసానమ్మ చేతిది!" అని కేకేసేసరికి పాట ఎగబాకింది. ఆవిడ జనం వెనకనుంచి మూడుసార్లు పాడింది. కొంగుముడిలో ఉన్నది అయిపోయాక ఊరుకుంది. ఇచ్చిన మనిషే పాడుకుంటోంది, దేవుడికి రెండుసార్లు ఇవ్వాలని కాబోలు అని దానికి కూడా మెచ్చుకున్నారు. చివరికి వడ్లవ్యాపారం చేసే ఒకాయన పాడుకుని, అక్కడికక్కడే అయ్యగారి చేతుల్లో పెట్టాడు. చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను.

ఇంటికొచ్చి ఆవిడ ఖాళీ బుట్ట లోపల పెట్టుకుంది. బుట్టలో పెట్టింది నేనేనని ఆ రాత్రి నేను చెప్పలేదు. తెల్లారి రోట్లో మిరియాలు నలగ్గొడుతున్న చప్పుడు గోడ అవతలనుంచి వినిపించింది.

అయ్యగారింట్లో మర టీవీ మీదికెక్కింది. కింద ఊలుతో అల్లిన గుడ్డ, పక్కన ప్లాస్టిక్ గులాబీలు. పాస్టరమ్మగారు దాన్ని ఎంతో భక్తిగా కుళాయి కింద కడిగి, మెరవాలని కొబ్బరినూనె రాశారు. మొదటి శనివారం ఏదో వంకన చూసిరావడానికి వెళ్ళిన ఆవిడ అది చూసి వచ్చి మంచమెక్కినంత పని చేసింది. ఆపైన ప్రతి శనివారం "దుమ్ము తుడిచి వస్తానండి" అని బయల్దేరేది. విప్పేది, ఆరబెట్టేది, బియ్యం పోసి తిప్పేది. అది ఆరేలోపల ఊరికే ఉండలేక ఆ ఇంట్లో చారు కాచేది, పిల్లలకి జడలు వేసేది, పాస్టరమ్మగారి మందులు తీసిచ్చేది. ముగ్గురు పిల్లలు. ఆవిణ్ణి మిరియాల మామ్మ అనేవాళ్ళు.

ఏడాది తిరక్కుండా అయ్యగారికి బాపట్ల బదిలీ అయింది. లారీలో మంచాలూ బీరువా వెళ్ళాయి. మరని మాత్రం పాస్టరమ్మగారు ఒళ్ళో పెట్టుకుని రైల్లో తీసుకెళ్ళారు. ఇక అయిపోయిందనుకున్నాను. నెల మొదటి శనివారం పొద్దున్నే ఆవిడ ఇస్త్రీచీర కట్టుకుని, చేతిసంచిలో పొడిగుడ్డా గుప్పెడు బియ్యమూ పెట్టుకుని "బాపట్ల వెళ్ళొస్తానండి. సముద్రపు గాలి కదా, తుప్పు పట్టేస్తుంది" అని పాసింజరుకి వెళ్ళిపోయింది. అలా నెలనెలా, రెండేళ్ళకి పైగా. మర కోసం ముసలావిడ బాపట్ల వెళ్ళిరావడం మా వీధిలో ఒక వేడుక కబురైపోయింది. నేను కూడా నవ్వేదాన్ని, నవ్వాక ఆ బుట్ట సర్దింది ఎవరో గుర్తొచ్చేది.

పందొమ్మిది వందల తొంభై దాటిన ఏడు, వానల్లో, రైలు దిగుతూ తెనాలి ప్లాట్‌ఫాం మీద జారిపడింది. మణికట్టు బెణికింది. కట్టు కట్టించుకుని వచ్చిన మనిషిని చూశాక నాకిక అన్నం సహించలేదు. నా నోటివల్ల ఈవిడ ఈ వయసులో రైళ్ళెక్కి దిగుతోంది. మర ఇంట్లో ఉంటే ఈ బాధ ఉండదు. వచ్చే నెల నేనూ వెంట వెళ్తాను, నిజం చెప్పేస్తాను, మర తెచ్చేస్తాను అని నిశ్చయించుకున్నాను. అంత గట్టి నిర్ణయం నేను అంతకుముందు తీసుకోలేదు, ఆ తరవాతా తీసుకోలేదు.

బాపట్ల అయ్యగారింట్లో వసారాలో చాప మీద మరని విప్పి పెట్టుకుని కూర్చుంది ఆవిడ. చిన్నపిల్ల బియ్యపుగింజలు అందిస్తోంది. కట్టున్న చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, రెండో చేత్తో కడ్డీ తుడుస్తూ, పెద్దపిల్ల చెప్పే స్కూలు కబుర్లకి "ఆఁ, అప్పుడేంటి? అప్పుడేంటి?" అంటోంది. ఎవరింట్లోనైనా ఆవిడ కూర్చుని ఉండగా చూడడం నాకదే మొదటిసారి. చూశాను. చూసి కూడా నాకేమీ తట్టలేదు. తిన్నగా వంటింట్లోకి వెళ్ళి పాస్టరమ్మగారికి అంతా చెప్పేశాను.

పాస్టరమ్మగారు గరిట పట్టుకునే గోడకి జేరబడిపోయారు. "అయ్యో రామ... అయ్యో ప్రభువా! ముందే చెప్పకపోయారాండీ? దాన్ని ఏం చేసుకోవాలో తెలీక అవస్థ పడుతున్నాం. మావారికి మిరియం పడదు, పొలమారుతుంది. పిల్లలు ముట్టరు. ప్రాణమనుకుని ఇచ్చింది కదా, పక్కన పడేస్తే పెద్దావిడ మనసు నొచ్చుకుంటుందని నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరుగుతున్నాం."

ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం. నాకు గుండెలమీంచి బండ దిగినట్టయింది. అయ్యగారు కూడా విని చాలా కదిలిపోయారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లల్ని వరసగా నిలబెట్టి, ప్రార్థన చేసి, తువ్వాల్లో చుట్టిన మరని రెండు చేతులా ఆవిడకి అందించారు.

"మామ్మగారూ, ఇది మీ సొత్తు. మావల్ల పొరపాటు జరిగింది. ఇకనుంచి మీకీ ప్రయాణాల శ్రమ లేదు."

ఆవిడ లేచి నిలబడింది. కొంగుతో చేతులు తుడుచుకుని అందుకుంది. "మంచిదండి అయ్యగారూ" అంది.

"మళ్ళీ ఎప్పుడొస్తావు మామ్మా?" అని చిన్నది చీర పట్టుకుంది. ఆవిడ దాని తల నిమిరి ఏదో అంది, నాకు వినపడలేదు. "ఊరికే వస్తూ ఉండండి, మీ ఇల్లే అనుకోండి" అని గేటు దాకా వచ్చి చెప్పారు పాస్టరమ్మగారు. మనస్ఫూర్తిగానే చెప్పారు.

రైల్లో కిటికీ పక్కన కూర్చుని, మరని ఒళ్ళో పెట్టుకుని బయటికి చూస్తూ ఉండిపోయింది. పొన్నూరు దాటాక నేనే ఉండబట్టలేక "మీకు కోపం వచ్చిందా మామ్మగారూ? ఆరోజు బుట్టలో పెట్టింది నేనేనని ఇన్నేళ్ళూ దాచాను" అన్నాను.

"నాకారోజే తెలుసండి. తాళంచెవి మీకేగా ఇచ్చింది" అంది. "అప్పుడు మిమ్మల్ని నేనేమైనా అన్నానా?"

"లేదండి."

"మరి ఇప్పుడెందుకు చెప్పారండీ?"

"వాళ్ళు ఊరికే రమ్మన్నారు కదండీ. మీరంటే వాళ్ళకి ఎంతో ఇష్టం" అన్నాను.

"ఇష్టమేనండి. బంగారంలాంటి మనుషులు. రమ్మన్నారని వెళ్తే చుట్టంలా కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు. తాగి వచ్చేయాలి. నేను చుట్టాన్ని కాదు కదా పంతులమ్మగారూ. నాకు పనుండాలి. పని లేకుండా ఒకరింటికి ఎలా వెళ్తారో నాకు తెలీదండి. ఈ వయసులో నేర్చుకోలేను."

నాకు చచ్చేంత సిగ్గేసింది. మొదటిసారి తెలీక చేశాను. రెండోసారి కళ్ళారా చూసి చేశాను.

తరవాతి నెల మొదటి శనివారం పొద్దున్నే గోడ అవతల బొగ్గుల ఇస్త్రీపెట్టె చప్పుడు వినిపించింది. నేను వసారాలోకి వచ్చేసరికి ఆవిడ చీర కట్టుకుని మెట్టు మీద కూర్చుని ఉంది. ఎక్కడికని అడగలేదు. అడిగే మొహం లేదు. కూరలావిడ వచ్చి వెళ్ళింది. ఎండ మెట్టు మీదికి వచ్చింది.

"పాసింజరు వెళ్ళిపోయి ఉంటుందాండి?" అంది.

"వెళ్ళిపోయి ఉంటుందండి."

"అయితే చారు పెడతాను" అని లేచి లోపలికి వెళ్ళింది.

మధ్యాహ్నం మాకు కూడా తెచ్చింది. మా పళ్ళేల్లో పోసి, మూడు తిప్పులు తిప్పి, పనుందని వెళ్ళిపోయింది. మావారు ఆవురావురుమని తిని, రెండోసారి వడ్డించుకుని, "ఇన్నాళ్ళకి ఆవిడ వస్తువు ఆవిడకి ఇప్పించావు. మొత్తానికి మంచి పని చేశావు" అన్నారు.

నన్ను ఇంతవరకూ ఎవరూ అంత మాట అనలేదు.